చలికి కరిగే ఉప్పు

ఆ ఉదయం కెమిస్టమ్మ అలారం కన్నా ముందే లేచింది. మోగబోతున్న గడియారాన్ని నొక్కేసి, "ఇవాళ నీతో పని లేదులే, పడుకో" అని దానికి చెప్పింది. ఇంట్లో మాట్లాడడానికి ఇంకెవరూ లేరు. పెళ్లిబట్టల మడతలు ఇంకా నలగలేదు గానీ, మొగుడు మాత్రం ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నాడు. అతనిది లిఫ్టులు బిగించే ఉద్యోగం. ఎత్తయిన భవనం ఎక్కడ లేస్తే అక్కడికి పోవాలి, అది పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. లిఫ్టు గుంతలో సిగ్నల్ ఉండదు కాబట్టి భవనం నెత్తిమీద మోటారు గదిలోకి ఎక్కినప్పుడే ఫోన్ చేసేవాడు. అతని మాటల్లో సగం ఆమెకి వినపడేవి, మిగతా సగం గాలికి కొట్టుకుపోయేవి. పోయినవే మంచి మాటలై ఉంటాయని ఆమె నమ్మకం.

రెండు గదుల ఇంట్లో ఆమె కొత్త కాపురాన్ని ఒంటిచేత్తో నడుపుతోంది. కప్పులు రెండు కొన్నది. ఒకదానిలోనే టీ తాగి, రెండూ కడిగేది, వాడని కప్పు చిన్నబుచ్చుకుంటుందేమోనని. పొద్దున్నే కిటికీలోంచి ఎండ వచ్చి మంచం మీద రెండో దిండు ఉన్న చోట కూర్చుంటే, దాన్ని లేపకుండా దుప్పటి జాగ్రత్తగా మడిచేది. ఇలాంటివన్నీ ఆయనకి చెప్పాలని దాచుకునేది. ఫోన్ వచ్చేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు. గుర్తున్నది గాలి ఎత్తుకుపోయేది.

ఆయన ఇవాళ వస్తున్నాడు. మధ్యాహ్నం బస్సు దిగి, సాయంత్రం బస్సు ఎక్కేస్తాడు. ఆ మధ్యలో ఉన్నదంతా ఆమెది. కార్ఖానాకి తెల్లవారగానే వెళ్లి, ఉప్పు పని తెమిల్చుకుని, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చెయ్యాలి. ఇంటి తాళంచెవి ఒక్కటే. అది ఆమె చేతిసంచిలో ఉంది. ఆలస్యమైతే ఆయన గుమ్మంలో నిలబడి తాళాన్ని చూసుకుని తిరిగి వెళ్లిపోవాలి.

ఆమె పనిచేసేది రంగు గాజు కార్ఖానాలో. దీపాల మీద బోర్లించే ఊదారంగు గాజు గిన్నెలు అక్కడ ఊదుతారు. ఆ రంగు నియోడిమియం అనే లోహం పెట్టిన భిక్ష. విరళ మృత్తికలని పుస్తకాల్లో లోహాల పెద్ద ఉమ్మడి కుటుంబం ఒకటి ఉంది. అందరూ ఒకే పోలిక, ఒకరిని చూసి ఇంకొకరనుకోవాలి. ఈ నియోడిమియం అందులో ఒకరు. ఈసారి వచ్చిన సరుకులో ఇనుము కలిసి, గాజు మురికిగా వస్తోంది. యజమాని మొత్తం పారబోయించబోతుంటే కెమిస్టమ్మ అడ్డుపడింది. "సల్ఫేట్ ఉప్పుగా మార్చి శుభ్రం చేస్తాను సార్, కొంచెం సరుకుతో చేసి చూపిస్తాను" అంది. యజమాని, అంటే అందరూ పెద్దాయన అనే ఆయన, ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఆ సరుకు సీసాని తన బీరువాలో, భార్య నగల పక్కన పెట్టుకున్నారు.

ఆ ఉప్పు చేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. బూడిదరంగులో ఉన్న ఆక్సైడ్ పొడిని, ఐసు మధ్యలో పెట్టిన పల్చటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో చిటికెడు చిటికెడుగా వెయ్యాలి. పొడి కరుగుతుంటే తనంతట తనే వేడెక్కుతుంది; వేడెక్కనివ్వకూడదు. ఎందుకంటే ఈ ఉప్పు గుణం లోకానికి ఎదురు. పంచదార గానీ పటిక గానీ వేడినీళ్లలో బాగా కరుగుతాయి, చల్లారితే పలుకులు కడతాయి. నియోడిమియం సల్ఫేట్ చల్లటి నీళ్లలో హాయిగా కరిగిపోయి కూర్చుంటుంది. వేడి చేస్తే మాత్రం, ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదన్నట్టు పలుకులు పలుకులుగా విడిపోయి అడుక్కి దిగుతుంది. ఇనుము మురికి నీళ్లలోనే ఉండిపోతుంది. వేడి వేడిగా ఉండగానే వడగట్టేస్తే శుభ్రమైన ఉప్పు చేతికొస్తుంది.

ఈ వింత మొదటిసారి కళ్లారా చూసిన రోజు కెమిస్టమ్మ ఎవరికైనా చెబుదామని గదిలోంచి పరుగెత్తింది. ఆమె గది వెనకవైపు ఉంది; పూర్వం పగిలిన గాజు పోసే చోటు. కొలిమి దగ్గర అందరూ హోరులో ఉన్నారు. మేస్త్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా?" అని అరిచాడు.

"వేడి చేస్తే ఉప్పు బయటికొస్తోంది!"

"ఆఁ?"

"ఏం లేదు!"

తిరిగొచ్చి ఆ సంగతి తక్కెడకి చెప్పింది. తక్కెడ రెండు పళ్లేలూ సమంగా పట్టుకుని, శ్రద్ధగా వింది. ఫోన్‌లో ఆయనకీ చెప్పింది గానీ, ఊదారంగన్న మాట దాటి గాలి ఏమీ వదల్లేదు.

ఇవాళ మాత్రం చూపించడానికి మనిషి వస్తున్నాడు. నిన్న చల్లగా కరిగించిన ద్రావణం ఫ్లాస్కులో పెట్టి, నీళ్ల గిన్నెలో నిలబెట్టి, కింద హీటరు వేసింది. కాసేపటికి నీళ్లలో ఒక మెరుపు కదిలింది. తరవాత ఇంకొకటి. ఆ తరవాత లెక్కలేనన్ని సన్నటి ఊదారంగు పలుకులు ఎవరో పైనుంచి చల్లుతున్నట్టు దిగసాగాయి. కెమిస్టమ్మ గడ్డం బల్లమీద ఆనించి, రెప్ప వెయ్యకుండా చూసింది. చిన్న గరిటెతో చిటికెడు తీసి, ఆరబెట్టి, వేలెడంత సీసాలో పోసి చేతిసంచిలో వేసుకుంది. పెద్దాయనని అడగొచ్చు. కానీ, "మా ఆయనకి చూపించాలి సార్" అని ఆయన ముందు నిలబడి అనడానికి సిగ్గేసింది.

ఇక వడగట్టడమే. చూస్తే వడపోత కాగితాలు అయిపోయాయి. వాటి కోసం స్టోరుకి పోవాలి. స్టోరు పెద్దాయన బావమరిది చేతిలో ఉంది.

బావమరిది డిటెక్టివ్ నవలల పురుగు. స్టోరులో మేకు కనపడకపోయినా, దాన్ని ఎవరు చంపి ఉంటారా అని ఆలోచించే మనిషి. ఆమెని చూడగానే నవలలో వేలు పెట్టి మూశాడు.

"కాగితాలా? నిన్నగాక మొన్న తీసుకెళ్లారుగా. అన్నీ ఏం చేశారు?"

"వడగట్టానండీ."

"ఏం వడగట్టారు?"

"నీళ్లు."

"నీళ్లని కాగితంతో ఎందుకు వడగట్టాలి?" అని కళ్లు చిన్నవి చేసి అడిగాడు. ఇంత సూటి ప్రశ్నకి ఇంతవరకూ ఏ నేరస్థుడూ తట్టుకోలేదన్నట్టు చూశాడు. ఆమె కార్యకారణాలన్నీ చెప్పి, అతను బీరువా తాళం వెతికి, ఆ తాళం అతని జేబులోనే దొరికి, కాగితాలు చేతికొచ్చేసరికి బోలెడు పొద్దెక్కింది.

గదికి వచ్చి చూస్తే హీటరు ఆర్పేసి ఉంది. ఫ్లాస్కు లేదు.

కెమిస్టమ్మ బల్లకింద చూసింది. కిటికీ బయట చూసింది. తక్కెడ వైపు చూసింది. అది ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. ఇక గత్యంతరం లేక స్టోరుకే పరుగెత్తింది.

"ఏమండీ, నా ఫ్లాస్కు ఎవరైనా తీశారా? ఉప్పుతో సహా కనపడటం లేదు."

బావమరిది లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో వచ్చిన వెలుగు అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. ఇన్నేళ్ల స్టోరు జీవితంలో అతనికి దక్కిన మొదటి నేరం ఇది.

"గేటు మూసెయ్యండి! ఎవరూ కదలకూడదు! అందరి ఫోన్లూ ఈ బకెట్లో!"

"ఫోనెందుకండీ?"

"లోపలి దొంగకి బయట మనిషి ఉంటాడు."

"అయ్యో, నేను మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లాలండీ."

"ఎందుకు?"

"ఊరికే… పనుంది."

"ఊఁ," అన్నాడు బావమరిది. అలాంటి 'ఊఁ' కోసం అతను ఎన్నో నవలలు చదివాడు.

గేటు దగ్గర కాపలా ఉండే బాబాయ్, చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి. ఫలానావాళ్లని వదలమని చెప్పలేదు కాబట్టి ఎవరినీ బయటికి వదలలేదు, లోపలికీ వదలలేదు. అందుకని కొంతసేపటికి పెద్దాయన కారు దిగి తలుపు కొట్టినప్పుడు, కన్నంలోంచి చూసి, "ఎవర్నీ కదలనియ్యొద్దన్నారు అయ్యగారూ" అన్నాడు.

"కార్ఖానా నాదిరా!"

"మీదే అయ్యగారూ. మీ బామ్మర్దిగారు చెప్పారు."

చివరికి పెద్దాయన గేటుకి అటు, బావమరిది ఇటు నిలబడి బంధుత్వాలన్నీ ఏకరువు పెట్టుకున్నాక తలుపు తెరుచుకుంది. సంగతి విని పెద్దాయన పగలబడి నవ్వారు.

"ఓస్, దీనికా ఇంత రాద్ధాంతం? ఫ్లాస్కు నా దగ్గరే ఉంది. పొద్దున చూద్దామని వస్తే, అంత విలువైనదాన్ని పొయ్యిమీద వదిలేసి వెళ్లావు తల్లీ. కాలిపోతుందేమోనని హీటరు ఆర్పి, తీసుకెళ్లి నా గది ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేశాను."

కెమిస్టమ్మ ఒక అడుగు ముందుకేసింది. "ఫ్రిజ్‌లోనా సార్?"

"మరీ! చల్లగా, భద్రంగా. మధ్యమధ్య తీసి ఊపి చూశాను కూడా. ఆ పలుకులు గిర్రున తిరుగుతుంటే ఎంత బాగుందో! కానీ చూసినప్పుడల్లా తగ్గినట్టు అనిపించింది. నా చూపు మందగించిందని, ఇంటికి పోయి మంచి కళ్లజోడు తెచ్చుకున్నాను. రండి, అందరూ రండి, చూపిస్తా."

మేస్త్రితో సహా అందరినీ గదిలో నిలబెట్టి, కొత్త కళ్లజోడు పెట్టుకుని, పెద్దాయన తెర తీసినట్టు ఫ్రిజ్ తలుపు తీశారు. ఫ్లాస్కులో తేటగా, గులాబీ ఛాయలో నీళ్లున్నాయి. ఒక్క పలుకు లేదు.

మేస్త్రి వంగి ఫ్రిజ్ అడుగు అరలో కూడా చూశాడు.

"దొంగతనం," అన్నాడు బావమరిది మెల్లిగా, భక్తిగా. "తాళం వేసిన పెట్టెలోంచి!"

"దొంగతనం కాదండీ," అంది కెమిస్టమ్మ. "ఉప్పు ఎక్కడికీ పోలేదు. అందులోనే ఉంది. చల్లబెడితే ఇది కరిగిపోతుంది."

పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూశారు. "చల్లబెడితే కరగడమేంటమ్మా? మా ఇంట్లో పంచదార లేదా? మేము టీ తాగమా?"

"ఇది అలాంటిది కాదు సార్. ఒక్కసారి వేడి చెయ్యనివ్వండి, మళ్లీ వచ్చేస్తుంది."

ఆమె చెయ్యి ఫ్లాస్కు వైపు సాగగానే బావమరిది మధ్యలోకి దూకాడు. "ముట్టుకోకండి! సాక్ష్యం! మీ వేలిముద్రలు పడతాయి."

"అది నా ఫ్లాస్కండీ. నిండా నా వేలిముద్రలే ఉంటాయి."

"విన్నావా బావా? తనే ఒప్పుకుంటోంది."

ఫ్లాస్కు మూతికి దూది పెట్టి, దూది మీద చుట్టూ టేపు వేసి, బావమరిది దాన్ని పసిపిల్లలా ఎత్తుకున్నాడు. తరవాత అందరి సంచులూ బల్లమీదికి వచ్చాయి. మేస్త్రి సంచిలో క్యారేజీ, బావమరిది సంచిలో మూడు నవలలు, కెమిస్టమ్మ సంచిలో ఇంటి తాళంచెవి, దువ్వెన, వేలెడు సీసా.

సీసాలో ఊదారంగు చిటికెడు మెరిసింది.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డారు. "నువ్వా అమ్మా? నిన్ను సొంత కూతురిలా చూసుకున్నానే!"

ఆమె చేరిన దగ్గర్నుంచి ఆయన ఆమెతో మాట్లాడింది రెండే సార్లు. అందులో ఒకటి, గొడుగు పక్కన పెట్టమని. అయినా ఆ మాటకి ఆమెకి నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. ఆ ఊళ్లో ఆమెని కూతురన్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

"చిటికెడే సార్. చూపించడానికి తీసుకున్నా."

"ఎవరికి చూపించడానికి?" అన్నాడు బావమరిది.

"మా ఆయనకి."

"ఆయన ఎక్కడున్నాడు?"

"దార్లో ఉంటారు."

"బయట మనిషి!" అని బావమరిది ఆకాశం వైపు చూసి చేతులు జోడించాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గోల వినపడింది. ఇంటి తలుపుకి తాళం చూసి, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తక, మొగుడు కార్ఖానా వెతుక్కుంటూ వచ్చాడు. బాబాయ్ కన్నంలోంచి చూశాడు. భుజాన బరువైన సంచి. ఆ సంచిలోంచి తొంగిచూస్తున్న స్క్రూడ్రైవరు, పటకారు, టార్చిలైటు.

"ఎవరు కావాలి?"

"కెమిస్టు మా ఆవిడండీ. తాళంచెవి కోసం వచ్చాను."

బాబాయ్‌కి ఆ రోజు ఒక్కటే తాళం గుర్తుంది, ఫ్రిజ్ తాళం. ఇంకేం అడగలేదు. మర్యాదగా, "లోపలికి రండి బాబూ, కూర్చోండి" అని తన గేటు గదిలోకి పంపి, బయటినుంచి గడియ పెట్టి తాళం వేశాడు. లిఫ్టుల్లో ఇరుక్కున్న మనుషుల్ని బయటికి తీసే మనిషి, జీవితంలో మొదటిసారి తలుపుకి లోపలివైపు మిగిలిపోయాడు.

"అయ్యగారూ! దొరికాడు! దొంగ సామానంతా సంచిలోనే ఉంది! తాళంచెవి కోసం వచ్చానని వాడి నోటితోనే చెప్పాడు!"

"ఆయన ఇంటి తాళం అడిగారు బాబాయ్!" అంది కెమిస్టమ్మ. ఆమె మాట కొలిమి హోరులో పడ్డ మాటలాగే పోయింది. బావమరిది ఆమెని పెద్దాయన గదిలోనే కూర్చోమన్నాడు. దొంగలిద్దరూ కలిస్తే కథ అల్లుకుంటారని అతని భయం. సాక్ష్యాన్ని మాత్రం గట్టి తాళం ఉన్న గేటు గదిలోకి పంపాడు. అక్కడ దొంగ ఉన్నాడన్న సంగతి అతనికి ఆ హడావుడిలో తట్టలేదు.

కెమిస్టమ్మ కిటికీలోంచి చూస్తే ఆవరణ అవతల గేటు గది కప్పు కనపడుతోంది. ఇన్నాళ్లూ ఆయన ఎక్కడో ఏదో ఊళ్లో ఎత్తున ఉన్నాడు కాబట్టి దూరంగా ఉన్నాడనుకుని సర్దుకుంది. ఇప్పుడు ఆయన పిలిస్తే పలికేంత దగ్గరలో ఉన్నాడు. ఉన్న కాసిన్ని గంటలూ ఆ రేకుల కింద కరిగిపోతున్నాయి. ఎండ ఆవరణలో నీడల్ని నెమ్మదిగా గోడవైపు జరుపుతోంది. ఆమె ఆ నీడల్ని చూస్తూ, ఆయనకి చెబుదామని దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే ఫ్రిజ్‌తో చెప్పింది. ఫ్రిజ్ తక్కెడంత మంచి శ్రోత కాదు. మధ్యమధ్య గురక పెట్టింది.

గేటు గదిలో ఫ్లాస్కు పెట్టడానికి చదునైన చోటు ఒక్కటే ఉంది. బాబాయ్ టీ కాచుకునే కరెంటు పొయ్యి. అప్పుడే టీ దింపాడు. పొయ్యి ఆర్పానే అనుకున్నాడు. ఫ్లాస్కు దానిమీద నిలబెట్టి, దొంగకి ఒక గ్లాసు టీ ఇచ్చి, తనూ ఒకటి తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"పెళ్లయిందా బాబూ?"

"అయింది. అందుకే వచ్చా."

"పిల్ల మంచిదేనా?"

"మంచిదే. మీరే లోపల పెట్టారు."

బాబాయ్ ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు. మొగుడు గ్లాసు నోటిదాకా తెచ్చి అలాగే ఉండిపోయాడు. ఫ్లాస్కులో, ఖాళీ నీళ్లలో, ఒక మెరుపు కదిలింది. తరవాత ఇంకొకటి. చూస్తుండగానే నీళ్లంతటా సన్నటి పలుకులు మొదలై, తిరుగుతూ, మెరుస్తూ, ఒకదానిమీద ఒకటి వాలసాగాయి.

బాబాయ్ గ్లాసు వదిలేసి బయటికి దూకాడు. అలవాటు చొప్పున బయట తాళం వేసి, పరుగులో తాళంచెవి ఎక్కడో జారవిడిచి, కేకలు పెట్టాడు.

"పెట్టేశాడయ్యా! దొంగసొత్తు తిరిగి పెట్టేశాడు! నా కళ్లముందే!"

అందరూ ఆవరణలోకి వచ్చిపడ్డారు. కెమిస్టమ్మ అందరికన్నా ముందు వచ్చింది. బావమరిది కిటికీ ఊచల్లోంచి తొంగి చూశాడు.

"టేపు వేసింది వేసినట్టే ఉంది. మూత తియ్యకుండా లోపల ఎలా పెట్టాడు?"

"లిఫ్టులు బిగించేవాడంట సార్. తలుపులు మూసుకున్నా లోపలికి పోవడం వాళ్లకి విద్య," అన్నాడు బాబాయ్.

"తాళం తియ్యండి ముందు!" అన్నారు పెద్దాయన.

అప్పుడు చూసుకుంటే తాళంచెవి లేదు. పెద్దాయన, బావమరిది, మేస్త్రి, బాబాయ్ నలుగురూ వంగి ఆవరణంతా వెతకడం మొదలుపెట్టారు. కొత్త కళ్లజోడు కూడా అక్కరకి రాలేదు.

కిటికీకి ఇటు ఆమె, అటు ఆయన మిగిలారు. మధ్యలో ఊచలు.

"చిక్కిపోయారు," అంది ఆమె.

"నువ్వు దొంగవి అయ్యావు," అన్నాడు ఆయన. "నేనొచ్చేసరికి ఇంత ఎదిగిపోతావనుకోలేదు."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "చూశారా అది?"

"చూశాను. అది… నువ్వు ఫోన్‌లో చెప్పినట్టు లేదు."

"మరి?"

"నువ్వు తక్కువ చెప్పావు." ఆయన ఫ్లాస్కు వైపు తిరిగాడు. "కానీ ఊదారంగన్నావుగా. ఇది నీలంగా ఉందేం?"

"ట్యూబ్‌లైటు ఆర్పండి."

ఆయన ఆర్పాడు. కిటికీ వెలుగులో పలుకులన్నీ ఒక్కసారి ఊదారంగుకి తిరిగాయి. ఆయన మళ్లీ వేశాడు, నీలమయ్యాయి. ఆర్పాడు, ఊదా. ఇద్దరూ అలాగే చూశారు. చూడడానికి ఇంకో జత కళ్లుంటే ఆ రంగు ఇంకొంచెం ముదురుగా ఉంటుందని ఆమెకి అనిపించింది. రసాయనశాస్త్రం దాన్ని ఒప్పుకోదు.

"కరెంటుతో ఆటలేంటి బాబూ!" అని బాబాయ్ నేలమీది నుంచే కేకేశాడు. ఆ కేకతో పాటే గడ్డిలో తాళంచెవి దొరికింది.

తలుపు తెరిచాక కెమిస్టమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఐసు బకెట్ తెచ్చి, టేపుతో సహా ఫ్లాస్కుని అందులో దించి, పెద్దాయన చేతికే ఇచ్చి ఊపుతూ ఉండమంది. ఆయన ఊపారు. ఊపగా ఊపగా పలుకులు పల్చబడ్డాయి, అక్కడక్కడా మిగిలాయి, పోయాయి. మళ్లీ పొయ్యిమీద పెట్టింది. మళ్లీ వచ్చాయి.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే… దొంగని నేనా?"

"మీరు దాచి పెట్టారు సార్. అంతే."

"మరి నా చూపు?"

"మీ చూపు బాగానే ఉంది సార్. నిజంగానే తగ్గాయి."

"అంటే అసలు దొంగే లేడా?" అన్నాడు బావమరిది, పెళ్లి తప్పిపోయినవాడిలా.

పెద్దాయన మొగుడి చెయ్యి పట్టుకున్నారు. "ఎప్పుడొచ్చావు బాబూ? ఎన్నాళ్లుంటావు?"

"సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలండీ."

"అయ్యో! మరి ఈ పిల్ల?"

"ఇంట్లో ఒక్కతే ఉంటుందండీ."

"ఒక్కతేనా?" పెద్దాయన వెనక్కి తిరిగి అందరినీ చూశారు. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. రోజూ గదిలోకి వెళ్లి, రోజూ గదిలోంచి వచ్చే కెమిస్టమ్మకి ఒక ఇల్లు ఉంటుందని, అందులో ఎవరూ ఉండరని, ఎవరూ ఆలోచించలేదు. పెద్దాయన వెళ్లి కారు తలుపు తీశారు. "ఇంకా ఇక్కడే నిలబడ్డారేం? కారెక్కండి!"

ఇద్దరూ ఎక్కారు. పెద్దాయన ముందు ఎక్కారు. క్షమాపణ ఇంటికి వెళ్లి చెబితేనే మర్యాదని ఆయన పట్టుదల. బావమరిది వాళ్లిద్దరి మధ్య ఎక్కాడు. మేస్త్రి క్యారేజీ ఒళ్లో పెట్టుకుని అతని పక్కన ఇరుక్కున్నాడు. గేటుకి తాళం వేసి, బాబాయ్ కారు వెనక సామాను పెట్టెలో కూర్చున్నాడు.

రెండు గదుల ఇల్లు ఒక్కసారి నిండిపోయింది. మేస్త్రి కిటికీ అద్దం గోటితో కొట్టి చూసి, పనితనం బాగాలేదన్నాడు. బావమరిది మంచం మీద కూర్చుని నేరం మొదటినుంచీ చెప్పాడు. ఈసారి దొంగ చివరిదాకా ఉన్నాడు. పెద్దాయన ఆనందం పట్టలేక, "మన కార్ఖానాకి ఒక లిఫ్టు పెట్టించేద్దాం. అబ్బాయి ఇక్కడే ఉండిపోతాడు" అన్నారు.

"బావా, మనది ఒక్క అంతస్తే."

"అయితే ఏం? పైకి కడదాం!"

టీ కాయడానికి ఆమె వంటింట్లోకి వెళ్లింది. అగ్గిపెట్టె వెతికే నెపంతో ఆయనా వచ్చాడు.

"వీళ్లెప్పుడు వెళ్తారు?" అన్నాడు చెవిలో.

"మీరు వెళ్లాక," అంది ఆమె.

"అగ్గిపెట్టె దొరికిందా బాబూ?" అంటూ బాబాయ్ తన జేబులోది తీసుకుని లోపలికే వచ్చేశాడు. అడక్కుండానే పొయ్యి వెలిగించి, నీళ్లు ఎన్ని పొయ్యాలో కూడా చెప్పాడు. టీ తాగడం, ఇంకోసారి కాయడం, పలుకులు ఎలా మాయమయ్యాయో పెద్దాయన చేత్తో ఊపి చూపించడం, ఇవన్నీ అయ్యేసరికి బస్సు వేళయింది.

బస్టాండుకి కూడా అందరూ వచ్చారు. ఆయన మెట్టుమీద నిలబడి, జనం తలల మీదుగా ఆమెని చూసి, "జాగ్రత్త!" అన్నాడు. ఆమె నోరు విప్పేలోపు, "మేం చూసుకుంటాంలే!" అని నాలుగు గొంతులు పలికాయి. ఆయన ఇంకో మాట కూడా ఏదో అన్నాడు. బస్సు కదలడంతో అది వినపడలేదు. ఆ మాట ఏమై ఉంటుందో ఆమె చాలాసేపు అలాగే నిలబడి ఊహించుకుంది. ఏ విధంగా ఊహించినా బాగానే ఉంది.

పెద్దాయన ఆమె తలమీద చెయ్యి వేశారు. "ఇన్నాళ్లూ మాకు తెలీలేదు తల్లీ. ఇంక దిగులు పెట్టుకోకు. రేపటినుంచి రోజుకొకరం వచ్చి నీ దగ్గర కూర్చుంటాం. ఆదివారం అందరం వస్తాం."

"రేపు నేనొస్తా," అన్నాడు బావమరిది. "నవలలు తెస్తాను. చదివి వినిపిస్తా."

ఆమె తల ఊపింది. ఒంటరిగా ఉండడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. అది అంత తేలిగ్గా దొరకదని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.